పొగ చిల్లర

కళ్యాణదుర్గం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి
వన్నూరు మా గోడ కాడ వంగి
మీటరుకు ఫోటో తీస్తాండాడు.
"పదమూడు యూనిట్లక్కా" అన్యాడు.
నల్ల అంకెలకే దుడ్లంట,
ఎర్ర అంకెలు ఊరికే తిరుగుతాయంట.

చేతి మిషన్లోంచి బిల్లు సర్రున వచ్చింది.
ఆ శబ్దం నాకు తెలుసు.
పొద్దంతా నా మెడలో యాలాడేది
దాని అక్కో చెల్లెలో.

గ్యాసు ఇంత. వ్యాటు ఇంత. మీటరు బాడిగ ఇంత.
కింద, పోయిన నెల లేని గీత ఒకటి:
కర్బన సుంకం, నలభై ఒక్క రూపాయి.

"ఏంది వన్నూరూ ఇది?"
"పొగ మీద పన్నంటక్కా."
"పైపులో వచ్చేది పొగలేని గ్యాసని కదప్పా
వీధిలో గుంత తవ్వేటప్పుడు చెప్పిండేది?"
వాడు పసుప్పచ్చ గొట్టం వంక చూసినాడు,
అదేమన్నా చెప్తాదేమో అన్నట్టు.
"కంటికి కనపడని పొగంట.
నాకేం తెలుసక్కా, మిషను కొడ్తాండాది."

ఆ మాట నాది.
ఈ పొద్దు పదకొండప్పుడు
ఆత్మకూరులో ఎక్కిన ముసలాయనకి నేను చెప్పిందే.
టికెట్టు ఎండకి పట్టి చూసి
"డీజిలు సెస్సంటే ఏందిమ్మా" అన్యాడు,
"నేనేమన్నా డీజిలు తాగితినా?"
బస్సంతా నగింది. నేనూ నగినా.
నగుతానే సెస్సు పట్టుకున్నా.
ఇయ్యాల్సిన రూపాయి టికెట్టు వెనక రాసిచ్చి
దిగేటప్పుడు అడుగు తాతా అంటిని.
ఆయన అడగలేదు. నేను పిలవలేదు.

బిల్లు ఫ్రిజ్జు మీద పెట్టి పొయ్యి ముట్టిస్తి.
నీలం మంట, అంగట్లో పేర్చిన గాజుల మాదిరి గుండ్రంగా.
గిన్నె అడుగు తిప్పి చూసుకుంటే
మసి లేదు, నా మొగమే ఉండాది.

మాయమ్మ ఉజ్జినమ్మది బుడ్డపొట్టు పొయ్యి.
మిల్లు కాడ మూటలు మోసుకొచ్చి
నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి
రోకలి పెరికితే బొక్క. ఆ బొక్కలో మంట.
పొట్టు ఊరికే వచ్చేది. పొగ ఊరికే వచ్చేది.
బిల్లు రాయను ఎవురూ రాలేదు.
నలభై దాటకముందే
సూదిలోకి దారం నన్నెక్కీమనేది.
రాత్రిళ్లు ఆమె దగ్గు లెక్కపెడతా నిద్రపోతాంటిమి,
పద్నాలుగు, పదైదు.
ఆ మీటర్లో ఎర్ర అంకెలు లేవు.
అన్నీ నల్లవే.

అందుకే నలభై ఒక్క రూపాయిని తిట్టను నోరు రాలా.
అట్లని మెచ్చుకోనూ లేను.
నలభై ఒకటంటే పాల ప్యాకెట్టున్నర.
తాడిపత్రి దోవలో కనపడే పెద్ద పొగగొట్టాల కాడ
ఎవురన్నా ఇట్లే వంగి ఫోటో తీస్తారా అని
ఎవర్ని అడగాల? వన్నూరునా?
వానికి ఇంటికింతని ఇస్తారు.
వాని పైనోనికీ మెడలో ఒక మిషనుంటాదేమో.

బస్సు అద్దంలోంచి రోజూ చూస్తా,
కొండల మీద గాలిమరలు.
కొన్ని తిరుగుతాంటాయి. కొన్ని ఊరికే నిలబడుంటాయి,
డ్యూటీ దిగి ఒళ్లు విరుచుకునే డ్రైవర్ల మాదిరి.
ఆ గాలి మాది. దుమ్మూ మాదే.
కరెంటు యాడికి పోతాదో గానీ
నా పొయ్యి కాడికైతే రాలేదు.

రేపటికి అనపగింజలు నానబెట్టినా.
నానితే రెండు విజిళ్లు తక్కువ.
సంగటి ఎసరు పొంగినాంక మంట తగ్గిస్తి,
ఇంకా తగ్గిస్తి,
ఆరీ ఆరనట్టు.
బయట గోడ మీద
ఎర్ర అంకె ఒకటి మెల్లగా తిరిగి
పక్కనున్న నల్లదాన్ని భుజంతో నూకుతాండాది.

తెల్లారితే మళ్లీ ఆత్మకూరు ట్రిప్పు.
చిల్లర సంచి మూల
ఒక రూపాయి పక్కన పెట్టినా.